కింది మెట్టు

హేజెల్ క్రీక్, కెంటకీ
మార్చి 9

ఓలీ అక్కకి,

డెల్మర్ అన్నయ్య కులాసాగా ఉన్నాడని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. అన్నయ్యే అలా రాయమన్నాడు. గనిలో పీల్చిన బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులను తినేసిందట.

తను పాడేటప్పుడు నేను మాండొలిన్ మీద బి శ్రుతి పట్టు వాయించేవాణ్ణి, నీకు గుర్తుండే ఉంటుంది. క్రిస్మస్ నాటికి ఆ శ్రుతి అందలేదు. "రెండు మెట్లు దించరా" అన్నాడు. వేళ్ల పట్టు మార్చకుండా చెయ్యి మాండొలిన్ మెడ మీద రెండు మెట్లు కిందికి జరిపి ఏ శ్రుతి వాయించాను. జనవరిలో జి అడిగాడు.

"ఏరా, నా గొంతు దిగిపోతోందని నవ్వుతున్నావా?"

"లేదన్నయ్యా."

ఫిబ్రవరిలో ఎఫ్‌కి దిగాం. అక్కడ చూపుడు వేలికి మెట్టే మిగలదు. వేలితో నొక్కే చోటు లేని ఆ తీగ, ఆపుదామన్నా ఆగక మోగుతూనే ఉంటుంది.

మొన్న ఆదివారం చర్చిలో మొదటి చరణం మధ్యలోనే అన్నయ్య గొంతు ఆగిపోయింది. "నువ్వు ఆపకురా, వాయించు" అన్నాడు. మూడు చరణాలూ వాయించాను. పెదాలు కదుపుతూనే ఉన్నాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. జనం తలలు వంచుకుని కూర్చున్నారు.

నిన్న నేను మాండొలిన్ పెట్టె తెరిచాను.

"మూసెయ్యరా" అన్నాడు.

నలభై ఏళ్లలో అన్నయ్య నోట ఆ మాట ఎన్నడూ వినలేదక్కా. నీకు రాయనని ఒట్టు వేయించుకున్నాడు, అయినా రాస్తున్నాను. సెలవు కోసం శనివారం దాకా ఆగకు, ఉత్తరం అందిన రోజునే బస్సెక్కు.

నీ తమ్ముడు