విమానం ఎక్కుటకు లెక్కలు

శ్రీయుత విద్యాధికారి గారి సముఖమునకు, రాళ్ళగుంటపల్లె రైతు గాబ్రియేలు పెట్టుకొను రెండవ అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె రత్నమణిని మగపిల్లల హైస్కూలు లెక్కల తరగతిలో కూర్చోనిచ్చుట గురించి. గుడిని గురించి కాదు.

1. నా కుమార్తె చెన్నపట్టణంలో విమానం నడుపుట నేర్చుకొనుటకు దరఖాస్తు చేసియున్నది. వచ్చే నెల లెక్కల పరీక్ష. అందులో తప్పితే విమానం దాపుకు కూడా రానీయరు. పిల్ల చదివిన ఆడపిల్లల బడిలో లెక్కలు కొంచెం, లేసు అల్లిక శానా. గాలి పక్కనుండి తోస్తే విమానాన్ని ఎంత వాలుగా నడపవలెనో లేసు చెప్పదు.

2. కావున "విమానం ఎక్కుటకు ముందు లెక్కలు చూచుకొనవలసియున్నది, అనుమతించవలెను" అని మొదటి అర్జీ పంపుకొంటిని. తమ గుమాస్తా గారు విమానమనగా గర్భగుడి మీది గోపురమనియు, లెక్కలనగా గుడి జమాఖర్చులనియు గ్రహించి, దానిని మా ఊరి ధర్మకర్త తిమ్మయ్య గారికి పంపినారు.

3. తిమ్మయ్య గారు మా వాకిట్లోకి వచ్చి, "ఏమప్పా గాబ్రియేలూ, మీకు చర్చి ఉండాది గదా, మా గుడి లెక్కలు నీకేల? మీ పాప విమానమెక్కి యాడికి పోతాది?" అనినారు.

"మద్రాసుకు" అంటిని.

"ఆడ కూడా గుడి ఎక్కనీరప్పా."

సంగతి విప్పి చెప్పేసరికి పొద్దు వాలినది. అంతా విని, "ఆ విమానమా? ఎక్కనీలేప్పా. లెక్కలు మాత్రం అడగాకు" అని వెళ్ళినారు.

4. హైస్కూలు హెడ్మాస్టరు గారేమో ఆడపిల్లకు ఉప్పూపప్పు లెక్క చాలునన్నారు. నేనడుగుతున్నాను: ఆడపిల్ల నడుపుతున్నదని గాలి పక్కకు తొలగునా? నేల మెత్తబడునా? ఇంట్లో లెక్క తప్పితే తిట్లు ఆడదానికి, బడిలో లెక్కల పాఠం మగవానికి. ఇదెక్కడి న్యాయం? పిల్ల వస్తే మగపిల్లలు చెడిపోతారట. చెడిపోయేవారిని ఇంటికి పంపవలెను గాని, చదువుకొనేదానిని పంపుటేల?

కావున పరీక్షవరకు రత్నమణికి ఆ తరగతిలో చోటిప్పించి, ఈసారైనా అర్జీని గుడికి గాక బడికి పంపునట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు (విధేయత తక్కువైనచోట్ల మన్నించవలెను),
గాబ్రియేలు

తా.క. ఇది చదివి పిల్ల, "ఇంత కొట్లాట ఎందుకు నాయనా, కూర్చోనిస్తే సాలు, నేలమీదైనా కూసుంటా" అనింది. నేలమీద వద్దు, బల్ల ఇప్పించండి. ఇకమీదటిది తమరొక్కరే చదువుకోవాల. ఊరంతా వాదించి గెలిచి వచ్చినా, ఆకాశంవైపు చూడాలంటే నాకు భయంగా ఉండాది. పైకి పోయే లెక్క ఎట్లా చెప్పినా సరే. దిగే లెక్క మాత్రం పిల్లకు రెండుసార్లు చెప్పించండి సామీ.