సంస్థ తుమ్ము

బస్సు సంస్థ ఫిర్యాదుల గుమస్తాగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మూడుసార్లు కాగితం తీశాను. మూడుసార్లూ మా ఆవిడ దాని వెనక సరుకుల జాబితా రాసేసింది. నాలుగోది ఇదిగో. సంగతేమిటంటే, మీ పన్నెండో నంబరు బస్సులో, నాటకశాల స్టాపు వచ్చే ముందు, ఒక పెద్దమనిషి తుమ్ముతున్నాడు. ఇవాళా నిన్నా కాదు, తొమ్మిదేళ్ళుగా. ప్రతి ట్రిప్పులోనూ. ఎండాకాలం, వానాకాలం తేడా లేదు. అలాంటిలాంటి తుమ్ము కాదు, కిటికీ అద్దాలు అదిరే తుమ్ము. తుమ్మి ఊరుకోడు, పైగా ఒక మాట కూడా అంటాడు. అది విన్నప్పుడల్లా నేను సీట్లో కుంచించుకుపోతున్నాను.

గుట్టు మొదటే విప్పకపోవడం మా వృత్తి అలవాటు, మన్నించాలి. నలభై ఏళ్ళు రేడియోలోనూ ప్రకటనల్లోనూ గొంతు అమ్ముకుని బతికినవాణ్ణి. మీరు నన్ను చూసి ఉండరు, విని ఉంటారు. నొప్పి తైలం ప్రకటనలో "అమ్మా!" అన్నదీ నేనే, రాసుకున్నాక "ఆహా!" అన్నదీ నేనే. మధ్యలో ఒక్క సెకను. అంత తొందరగా నొప్పి తగ్గిన మనిషి భూమ్మీద నేనొక్కణ్ణే. పురుగుమందు ప్రకటనలో బొద్దింకనై పదకొండుసార్లు చచ్చాను. పన్నెండోసారి దర్శకుడు "కాస్త హుషారుగా చావండి మాస్టారూ" అన్నాడు. పళ్ళపొడికి నవ్వుతూ చదవాలి, బ్యాంకుకి నవ్వు ఆపుకుంటూ చదవాలి. ఇవేవీ బళ్ళో నేర్పరు. నేను బడికి వెళ్ళిందీ తక్కువే అనుకోండి. ఇంతా చేసి, చెత్తబుట్ట ఎవరు బయట పెట్టాలన్న విషయంలో మా ఇంట్లో నా గొంతుకి చిల్లిగవ్వ విలువ లేదు.

దారి తప్పాను. అసలు సంగతి, ఆ తుమ్మే పెద్దమనిషిని నేనే. మీ బస్సుల్లో డ్రైవరు నెత్తి మీద పెట్టె ఉంది చూశారూ, అందులో స్టాపుల పేర్లు చెప్పే గొంతు నాది. ముప్ఫై ఒక్క స్టాపులు ఒక్క బిగిన చదివాను. పదిహేడోది నాటకశాల. రికార్డింగ్ గది తెరల నిండా దుమ్ము. "తదుపరి స్టాపు, నాటకశా... హాఛ్! అబ్బా, ఇది వద్దు తమ్ముడూ, మళ్ళీ చెబుతాను" అన్నాను. మళ్ళీ చెప్పాను కూడా, ముత్యాల్లా. ఆ రికార్డింగ్ తమ్ముడు ముత్యాలు పక్కన పెట్టి తుమ్ము మీకు పంపించాడు. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు "ఇది వద్దు" విని, దిగబోయినవాళ్ళు కాస్తా మళ్ళీ కూర్చుంటున్నారు.

ఇన్నాళ్ళూ కిక్కురుమనలేదు. కానీ వచ్చే నెల ఇరవైన మా గొంతుల సంఘంవాళ్ళు నాకు సన్మానం చేస్తున్నారు. ఫలకం మీద "నలభై ఏళ్ళలో ఒక్క తప్పు దొర్లని గొంతు" అని చెక్కించారట. సభ ఎక్కడనుకున్నారు? నాటకశాలలోనే. అతిథులంతా మీ పన్నెండో నంబరు ఎక్కే రావాలి. నా పరువు మీ పెట్టెలో ఉంది.

కాబట్టి ఇరవైలోగా ఆ తుమ్ము ఆపించగలరు.

ఇట్లు,
మీకు గొంతుగా మాత్రమే తెలిసినవాడు

తా.క. పంపేముందు దీన్ని పైకి చదివి చూసుకున్నాను. మూడు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. వంటింట్లోంచి మా ఆవిడ, "షరతులు వర్తిస్తాయని గబగబా చదవడం మర్చిపోయారు" అంది.

—

అయ్యా,

తమ ఉత్తరము అందినది. ఫిర్యాదును "తోటి ప్రయాణికుల ప్రవర్తన" అను గడిలో నమోదు చేసితిమి. ఇద్దరు తనిఖీదారులు మూడు రోజులపాటు పన్నెండో నంబరు బస్సులో ప్రయాణించి, నాటకశాల సమీపమున తుమ్మిన నలుగురిని పట్టుకొనిరి. నలుగురూ నేరము ఒప్పుకొనలేదు. ఒకరు తొమ్మిదేళ్ళ క్రితము తాము ఈ ఊరిలోనే లేమనిరి. మరొకరి వయసు ఏడేళ్ళు. తమరు వర్ణించిన పెద్దమనిషి కొరకు గాలింపు కొనసాగుచున్నది.

ఇట్లు,
ఫిర్యాదుల గుమస్తా

తా.క. పని ఒత్తిడి వలన ప్రతి ఉత్తరములోను మొదటి పది పంక్తులు, సంతకము పైనున్న పంక్తి, తా.క. మాత్రమే చదువుట మా పద్ధతి. గమనించగలరు.

రెండవ తా.క. ఆ స్టాపు దగ్గర బస్సు పెట్టెలోంచి కూడా ఒక తుమ్ము వస్తుంది. దానిని తనిఖీలో లెక్కించలేదు. అది సంస్థ తుమ్ము.

—

గుమస్తాగారికి నమస్కారాలు.

పది పంక్తుల సంగతి ముందే తెలిస్తే ఇంత దూరం వచ్చేది కాదు. సరే, ఈసారి మొదటే చెప్పేస్తున్నాను. గాలింపు ఆపించండి. తుమ్మింది నేనే. ఆ నలుగురూ అమాయకులు. తొమ్మిదేళ్ళుగా, రోజుకి నలభై ట్రిప్పుల్లో, మీ బస్సులన్నిటిలోనూ మోగుతున్న తుమ్ము నాదే. ఒక్క ముక్కలో చెప్పడం నాకెప్పుడూ చేతకాదు. రేడియోలో చేరిన కొత్తలో ఒకరోజు వార్తలు చదివే ఆయన రాలేదు. "ఆరు నిమిషాలు ఏదో ఒకటి వాగు" అని నన్ను మైకు ముందు కూర్చోబెట్టారు. వాతావరణంతో మొదలుపెట్టి, మా మేనత్త మోకాళ్ళ మీదుగా వెళ్ళి, మళ్ళీ వాతావరణం దగ్గర తేలాను. ఆవిడ మోకాలు సలిపిందంటే వాన ఖాయం. మర్నాడు కుండపోత. ఇక చూస్కోండి, నెలరోజులపాటు "అత్తయ్యగారి మోకాలు ఎలా ఉంది? బట్టలు ఆరేసుకోవచ్చా?" అని శ్రోతల ఉత్తరాలు. వార్తలాయన అలిగి సెలవు పెట్టాడు.

ఇంతకీ మీరు సంస్థ తుమ్మన్నారే, అదే నా తుమ్ము. పెట్టెలో పదిహేడో స్టాపు మార్చి, సరిగ్గా చదివిన రెండోది ఎక్కిస్తే చాలు. రికార్డింగ్ గది బీరువాలోనే ఉండాలి. ఇంతకన్నా వివరంగా మా మేనత్త కూడా చెప్పలేదు.

ఇరవైన నేను నాటకశాలకు చేరేలోపు ఏదో ఒకటి తేల్చండి.

ఇట్లు,
తుమ్మినవాడు

తా.క. ఆ ఏడేళ్ళ పాపకి నా తరఫున క్షమాపణ చెప్పండి.

—

అయ్యా,

తమ నేరాంగీకారము అందినది. నిజాయితీకి అభినందనలు. తమ పేరిట ఉన్న కాగితములను "ఫిర్యాదుదారులు" గడి నుండి "నిందితులు" గడికి మార్చితిమి. విచారణ ముగియువరకు తమరు పన్నెండో నంబరు బస్సు ఎక్కరాదు. ఇరవైన నాటకశాలకు నడిచి వెళ్ళుటకు సంస్థకు అభ్యంతరము లేదు.

ఇట్లు,
ఫిర్యాదుల గుమస్తా

తా.క. మా డాక్టరుగారు తమ ముక్కు చూడగోరుచున్నారు. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందని సామెత కదా, రోజుకు నలభై చొప్పున తొమ్మిదేళ్ళు తుమ్మినా ఊడనిది ఎటువంటి ముక్కో అని ఆయన కుతూహలము.

రెండవ తా.క. పాప క్షమించింది. కానీ ఒకసారి తుమ్మి చూపించమంటోంది.

—

గుమస్తాగారికి,

మా ఆవిడ పక్కనే కూర్చుని పంక్తులు లెక్కపెడుతోంది. స్కేలు కూడా పట్టుకుంది. బస్సులో స్టాపులు చెప్పే గొంతు నాది. నాటకశాల పేరు చదువుతూ తుమ్మాను. పొరపాటున ఆ తుమ్మే పెట్టెలోకి ఎక్కింది. సరైనది మీ రికార్డింగ్ గది బీరువాలో ఉంది. ఇరవైలోగా మార్చండి. నేనెప్పుడూ బస్సులో తుమ్మలేదు. ఒకసారి రైల్లో... చాలంటోంది.

మార్చండి.

ఇట్లు,
పెట్టెలోవాడు

తా.క. ఇందులో తా.క. వద్దంది. తను టీ పెట్టడానికి లేచింది కాబట్టి రాస్తున్నాను: రైల్లో తుమ్మితే ఎదుటాయన టోపీ కిటికీలోంచి ఎగిరిపోయింది.

—

అయ్యా,

ఈ సంగతి మొదటే చెప్పవలసినది. బీరువాలో రెండోది దొరికినది. పంతొమ్మిదో తారీకు సాయంత్రమే అన్ని బస్సులలోను మార్చబడును. తమ మీద విచారణ ముగియుటకు మాత్రము పద్ధతి ప్రకారము ఇంకొక పది రోజులు పట్టును. అంతవరకు బస్సు ఎక్కరాదు.

ఇట్లు,
ఫిర్యాదుల గుమస్తా

తా.క. తమ మొదటి ఉత్తరం ఇప్పుడు పూర్తిగా చదివాను, కొత్తదీ విన్నాను. అచ్చంగా ముత్యాలే. సన్మానానికి నేనూ వస్తున్నాను. నేను రోజూ దిగేది ఆ స్టాపులోనే.

రెండవ తా.క. మార్పు గురించి చెబితే డ్రైవర్లు ఏదో గొణిగారు. గొణుగుడుకు మా దగ్గర గడి లేదు.

—

గుమస్తాగారికి నమస్కారాలు.

సభ సంగతి మొదటి పది పంక్తుల్లోనే చెప్పేస్తాను. మీ బస్సు ఎక్కకూడదు కాబట్టి నేనూ మా ఆవిడా నడిచే వెళ్ళాం. సరిగ్గా వేళకి చేరాం. అరవై కుర్చీలు వేశారు. కూర్చున్నది మేమిద్దరమూ, కాపలావాడూ, మైకు సరిచేసే కుర్రాడి మావయ్యా. మైకు మాత్రం బాగా పనిచేస్తోంది. గంట గడిచింది. "ఇంత తప్పులేని మనిషి మాకెందుకనుకున్నారేమో" అంది మా ఆవిడ. కాపలావాడు, "పోనీ ఆ రాసిపెట్టిన ఉపన్యాసం మాకు చదవండి సార్, మేమూ మనుషులమే" అన్నాడు. అరవై కుర్చీలకు సరిపడా గొంతు పెట్టి ఆ ముగ్గురికీ చదివాను. కాపలావాడికి బొద్దింక కథ బాగా నచ్చింది, రెండుసార్లు చెప్పించుకున్నాడు.

గంటన్నర తర్వాత మా సంఘం అధ్యక్షుడు ఫోను చేశాడు. డిపోలో ఉన్నాడట. సభ్యులంతా డిపోలోనే ఉన్నారట.

"అన్నయ్యా, స్టాపు రాలేదు" అన్నాడు.

"స్టాపు రాకపోవడమేమిట్రా, అదేమైనా నడిచి వస్తుందా?"

"తుమ్ము వినబడలేదు! మాటల్లో పడి, తుమ్ము వచ్చాక లేద్దామని కూర్చున్నాం. సగంమంది నిద్రే. తుమ్మూ లేదు, ఏమీ లేదు, తిన్నగా డిపో. సరేలెమ్మని అదే బస్సులో వెనక్కి బయల్దేరాం. మళ్ళీ దాటిపోయింది. ఇప్పుడు ఇది రెండో డిపో."

"తుమ్మా? ఏ తుమ్ము?" అన్నాను, బ్యాంకు ప్రకటన గొంతుతో.

"ఊరుకో అన్నయ్యా! నువ్వు చిన్నబుచ్చుకుంటావని తొమ్మిదేళ్ళుగా మేమెవరం నోరెత్తలేదు. గొంతులమ్ముకునేవాళ్ళం, నీ తుమ్ము గుర్తుపట్టమా?"

"మరి ఫలకం మీద ఒక్క తప్పు దొర్లని అని..."

"మన వృత్తే అది కదా. నొప్పి తైలం కన్నా చిన్న అబద్ధమే."

చివరికి ఆటోల్లో వచ్చారు. ఫలకం ఇచ్చారు. ఆ తర్వాత అధ్యక్షుడు నన్ను మైకు ముందుకు లాగి, "ఒక్కసారి తుమ్మన్నయ్యా" అన్నాడు. అరవైమందీ చప్పట్లు. నలభై ఏళ్ళలో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టడం అదే మొదలు. అయితే ఏం లాభం? తుమ్ము రాలేదు. ఏడవమంటే ఏడుస్తాను, బొద్దింకలా చావమంటే చస్తాను, తుమ్ము మాత్రం చేతిలో పని కాదు. ముక్కు ఎగబీల్చి, నోరు తెరిచి, నిమిషంపాటు అలా నిలబడ్డాను. వాళ్ళతో వచ్చిన పత్రికాయన సరిగ్గా అప్పుడే ఫోటో తీశాడు.

ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియడం లేదు. అయినా అడుగుతున్నాను.

ముత్యాలు తీసేసి, తుమ్ము పెట్టించగలరు.

ఇట్లు,
నడిచి వచ్చినవాడు

తా.క. మీరూ వస్తానన్నారు, కనబడలేదు. ఏ డిపో?

—

అయ్యా,

రెండో డిపో. తమ అధ్యక్షులవారు నా పక్క సీటే.

తుమ్ము తీసివేసిన నాటినుండి మాకు మూడు వందల పన్నెండు ఉత్తరములు వచ్చినవి. మా పుస్తకములో ఇరవై ఆరేళ్ళ తర్వాత కొత్త గడి గీయబడినది. దాని పేరు "తుమ్ము". అయితే ఒక చిక్కు. రెండోది ఎక్కించునప్పుడు మొదటిది చెరిపివేయబడినది. కనుక తమరు గురువారము రికార్డింగ్ గదికి వచ్చి తాజాగా తుమ్మవలెను. విచారణ రద్దయినది. బస్సులోనే రావచ్చును.

ఇట్లు,
ఫిర్యాదుల గుమస్తా

తా.క. నేను నాటకశాల దాటిపోయి డిపోలో తేలడం ఈ వారంలో నాలుగోసారి. తమరు తొందరగా తుమ్మితే మా ఇంట్లో శాంతి.

—

తమ్ముడూ,

ఇక గారూ బూరూ వదిలేద్దాం. గురువారం మీ గదికి వెళ్ళాను. మిరియాల పొడి పీల్చాను, కళ్ళలో నీళ్ళొచ్చాయి. పక్షి ఈక పెట్టుకున్నాను, నవ్వొచ్చింది. డాక్టరుగారు బ్యాటరీ లైటు వేసి ముక్కు లోపలంతా చూసి, "మామూలు ముక్కే!" అని నిరాశపడి వెళ్ళిపోయారు. ఏడేళ్ళ పాపని కూడా పిలిపించావు చూడు, ఆ పిల్ల రెండు గంటలు ఓపిక పట్టి, "తాతకి తుమ్మడం రాదు" అని తేల్చేసింది. చివరికి మా ఆవిడ, "ఈ తెరలు దులిపి ఎన్నాళ్ళైందో" అంటూ ఊరుకోలేక ఒక్కటి దులిపింది. అదే తెర, అదే దుమ్ము. హాఛ్! "అబ్బా, ఇది వద్దు తమ్ముడూ" అని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఒక్క టేకు. అడ్డంగా పాప నవ్వు కూడా పడింది. ఉంచెయ్యమన్నాను.

ఫలకం గోడకి తగిలించాం. "ఒక్క తప్పు దొర్లని" అన్న మాటలు కనబడకుండా మా ఆవిడ కేలండరు వేలాడదీసింది.

ఇక నిన్ను విసిగించను.

ఇట్లు,
సంస్థ తుమ్ము

తా.క. నిన్న మధ్యాహ్నం పన్నెండో నంబరు ఎక్కాను. పక్క సీట్లో ఒకావిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది. తుమ్ము వచ్చింది. ఆవిడ లేచి, సంచీ భుజానికి తగిలించుకుని, దిగిపోయింది.