బొట్టు లేని మానిటర్

మిర్యాలగూడ

అక్కకు,

తమ్ముడు శ్రీను దండం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనే అనుకుంటున్నాను. చిన్నదాని దగ్గు తగ్గిందా? తుంగతుర్తిలో పత్తి ఏరడం మొదలైందా? నా గురించి దిగులు పెట్టుకోకు. వేళకు తింటున్నాను, నిజంగానే తింటున్నాను.

ఈ సంగతి ఫోన్లో చెప్పొచ్చు. కానీ నువ్వు స్పీకర్ పెడతావు. "ఏమాయెరా నీ ఆటల డబ్బా?" అని బావ పక్కనుంచి నవ్వుతాడు. ఆ నవ్వు వినే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

వానలు పోయినా ఇక్కడ ఉక్క పోలేదు. రైస్ మిల్లు ఊక దుమ్ము గదిలోకి, బట్టల్లోకి, చివరికి మెస్ పప్పులోకి కూడా వస్తుంది. పొద్దంతా మిల్లు ఆఫీసులో ధాన్యం బిల్లులు కొట్టి గదికి వస్తే పలకరించే మనిషి ఉండడు. ఆ కంప్యూటర్ అందుకే ఒక్కో పార్టు తెచ్చి బిగించుకున్నానని నీకొక్కదానికే తెలుసు. సూర్యాపేటలో మూతపడిన నెట్ సెంటర్ నుంచి డబ్బా, ప్రాసెసర్ తెచ్చాను. ఆటలో బొమ్మలను ఆగకుండా పరుగెత్తించే గ్రాఫిక్స్ కార్డు కోదాడలో ఒకాయన పాతది అమ్మాడు. "ఇక్కడే చూసుకో బాబూ, ఇంటికెళ్లాక నాకు సంబంధం లేదు" అన్నాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పవర్ సప్లై ఒక్కటే కొత్తది. అందులో పీనాసితనం చేస్తే మిగతావన్నీ కాలిపోతాయి. ఊక లోపలికి పోకుండా నీ పాత చున్నీ ముక్కను ఫ్యాన్ రంధ్రాలకు కట్టాను. మొదటిసారి మన కారు పందెం ఆట తెర మీద కదిలినప్పుడు, గదిలో ఒక్కణ్నే ఉండి గట్టిగా అరిచాను.

అప్పుడే నువ్వు ఫోన్ చేసి, "పూజ చెయ్యకుండ కొత్త మిషన్ నడపొద్దురా. బావ ట్రాక్టర్‌కు చెయ్యలేదా?" అన్నావు. మామిడి తొక్కు సీసాతో కుంకుమ పొట్లం కూడా పంపావు. నా గదిలో దేవుడి పటం కూడా లేదు. మిల్లులో ఆయుధపూజ ఎలాగూ ఉంది కదా అని మొత్తం అక్కడికే మోసుకుపోయాను. నువ్వు పంపిన కుంకుమతో డబ్బాకు బొట్లు పెట్టాను. మానిటర్‌కు పెట్టబోయి, తెరకు మరక పడుతుందని ఆగాను. లోపలి లైట్లు చూసి మిల్లు ఓనరు సేటు మురిసిపోయాడు. "అబ్బ, గుడి లెక్క ఎలుగుతున్నదిరా!" అని తానే కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చాడు. పూజలో పెట్టినవి మర్నాటిదాకా కదపకూడదన్నారు. సరే అన్నాను.

పండుగ అయ్యాక తెచ్చుకుందామని పోతే, గుమస్తా అప్పటికే అందులో బిల్లులు కొడుతున్నాడు. మిల్లు డబ్బా చెడిపోయిందట, దాని మానిటర్ మాత్రం పనిచేస్తోందట.

"సూడు శ్రీను, మిల్లుల హారతి తీస్కున్నదాన్ని గడప దాటిస్తే లక్ష్మిని ఎల్లగొట్టినట్టే" అన్నాడు సేటు. "మా నాయిన కాలం నుంచి గంతే."

"సేటూ, అది నా సొంతం."

"కాదన్నమా? నీదే. ఏడికి పోతది? నువ్వు గీడనే ఉంటవ్ గద!"

"మరి మానిటర్?"

ఆయన వంగి అటూ ఇటూ చూశాడు. "దీనికి బొట్టు లేదు గద. తీస్కపో."

గుమస్తా పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. అక్కా, అదే హారతి తీసుకున్న బియ్యం బస్తాలు ఆ పొద్దున్నే లారీ ఎక్కాయి. వాటి వెంట ఏ లక్ష్మీ పోలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఉద్యోగం పోతే గది కిరాయి ఎట్లా అని మింగేశాను. మింగినందుకు నామీద నాకే అసహ్యంగా ఉంది.

ఇప్పుడు నా కంప్యూటర్ మీదే నేను ధాన్యం బిల్లులు కొడుతున్నాను. వడ్లు తెచ్చిన రైతులకు సేటు ఆ లైట్లు చూపించి "మా మిల్లు కంప్యూటర్" అని చెబుతాడు. జాగా చాలట్లేదని గుమస్తా మన కారు ఆటను తీసేయించాడు. నా చేత్తోనే తీసేయించాడు. పత్తి పని అయ్యాక వచ్చి, నెట్ సెంటర్‌లో ఓడించినట్టే నన్ను మళ్లీ ఓడిస్తానన్నావు. రా అక్కా, తప్పకుండా రా. ఆడటానికి మాత్రం ఏమీ లేదు. గదిలో మానిటర్ ఒక్కటే ఉంది. నీ చున్నీ ముక్క విప్పి తెచ్చి దానిమీద కప్పాను.

నీమీద కోపం లేదని రాద్దామనుకున్నాను. కొంచెం ఉంది. తగ్గిపోతుందిలే, నువ్వు బాధపడకు. ఆరోగ్యం బాగుంది, మళ్లీ చెబుతున్నా, తింటున్నాను. అత్తమ్మకు, మామయ్యకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. బావకు కంప్యూటర్ బాగా నడుస్తోందని చెప్పు. అది అబద్ధం కూడా కాదు. నీ దీవెన నామీద ఉండనీ.

నీ తమ్ముడు,
శ్రీను

తా.క. తొక్కు అయిపోయింది. వీలైతే ఇంకో సీసా పంపు. కుంకుమ మాత్రం పెట్టకు.