నెల్లాళ్ళ ఫోను

జులై 3

అమ్మ ఫోను అద్దం మీద పొద్దున్నే పిండి వేలిముద్ర. ముగ్గు వేస్తూ మధ్యలో ఎత్తినట్టుంది. చెల్లి సుమ దాన్ని యూనిఫాం అంచుతో తుడిచి, క్లాసు గ్రూపులో ఏం పెట్టారో చూసుకునేలోపే అమ్మ లాక్కుని సంచీలో పడేసుకుంది. దాంతోపాటే సుమ హోంవర్కు కూరగాయల బజారుకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి స్కూలు బస్సు వీధి మలుపులో ఉంది.

సాయంత్రం గోల.

"మా క్లాసులో అందరికీ సొంత ఫోనుంది. నాకే నేదు."

"అందరూ నూతిలో దూకితే నువ్వూ దూకుతావేటి?" — అమ్మ.

"దూకను. ఫొటో తీస్తాను. ఫోనుంటే."

నాన్న ఒడియా పేపరు మడిచి నా వైపు చూశారు. "పెద్దది సదువుకున్నది. పదమూడేళ్ళ పిల్లకి సొంత ఫోను కావాలో వద్దో అదే సెప్పాలి."

నేనా...

జులై 4

ప్రిన్సిపల్ సిస్టర్ స్వయంగా స్కూలు లైబ్రరీకి వచ్చారు. లేచి నిలబడ్డాను — ఇక్కడ ఉద్యోగం చేస్తున్నా ఇంకా ఇక్కడి విద్యార్థినిలాగే. ఎనిమిదో క్లాసుకి డిబేటు. పిల్లలకి సొంత మొబైల్ ఉండాలా, వద్దా. రెండు పక్షాలకీ పాయింట్లు నన్నే రాసిమ్మన్నారు.

రాశాను. అటు ఆరు, ఇటు ఆరు. ఏ పక్షం రాస్తుంటే ఆ పక్షమే నిజమనిపించింది. ఇంటికొచ్చాక ఒక్కటీ పనికిరాలేదు. డిబేటులో పిల్లలకి పేర్లుండవు.

జులై 6, ఆదివారం

చెప్పేశాను. "ఇవ్వండి. ఒక నెల చూద్దాం." అంతే. అదైనా అన్నం కలుపుతూ, కంచంలోకి చూస్తూ.

"సరే, నెల. ఆగస్టు మొదటి ఆదోరం మల్లీ అడుగుతాను. ఉంచాలా, తియ్యాలా — నీ మాటే. ఈలోగా నువ్వు సూస్తా ఉండు."

నాన్న పాత ఫోనే. ఒక మూల పగిలింది. సుమ నా మెడ పట్టుకుని ఊగింది. లాకు నంబరు తనే నా పుస్తకం అట్ట లోపల రాసింది.

"సూసుకో అక్కా. నా దగ్గర దాసీదేటి నేదు. కానీ నాను పక్కనున్నప్పుడే. ప్రామిస్?"

ప్రామిస్ అన్నాను.

జులై 9

పక్క గదిలో సుమ నవ్వు. నా చేతిలో నవల. గంట నుంచి అదే పేజీ.

జులై 14

ఎవరితోనే అంతసేపు? "లిజాతో." కిందటేడు వరకు మా వీధిలోనే ఉండేది లిజా. వాళ్ళ నాన్నకి ఒడిశాలోనే, అస్కా ఊరికి బదిలీ. సుమ, లిజా — సగం ఒడియా, సగం తెలుగు, మధ్యలో ఇంగ్లీషు. నేను గడప దాటగానే గొంతు తగ్గుతుంది. ఇవాళ తలుపు దగ్గరే కాసేపు నిలబడి, నీళ్ళకోసం వచ్చినదానిలా కుండ దగ్గరికి వెళ్ళి, తాగకుండా వచ్చేశాను.

లిజాయేనా?

జులై 17

చూశాను.

సుమ స్నానానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వింటూ — ఆగేలోపు పెట్టెయ్యాలి.

లిజాయే. ఇంకెవరూ లేరు. లెక్కల హోంవర్కు. లిజా వాళ్ళింట్లో కొత్త పిల్లి, ఇరవై ఫొటోలు. అక్కడితో ఆపెయ్యాల్సింది.

ఒక గొంతు రికార్డు. సుమ లిజాకి పంపింది, మా ఇంట్లోవాళ్ళని అనుకరిస్తూ. నాన్న — "ఆ ఫ్యాను ఎవులికి తిరుగుతంది? గోడకా?" అమ్మ — "ఓలమ్మ! పాలు!" అచ్చం. నవ్వొచ్చింది కూడా. తర్వాత — "ఇప్పుడు మా అక్క."

ఏమీ లేదు. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఫోను పాడైందనుకున్నాను. చివర్న, సన్నగా — "హవు."

ఒడియాలో సరే అనడానికీ, ఊఁ కొట్టడానికీ నేను వాడే మాట. అదొక్కటే నేను. కింద లిజా పంపిన నవ్వు బొమ్మలు, ఒక వరస నిండా.

జులై 18

లైబ్రరీలో పుస్తకాలు తప్పు అరల్లో సర్దాను. మళ్ళీ తీశాను.

రాసేస్తున్నా — సుమ దగ్గర మాటలు తప్ప ఏమీ లేవు. గిలక్కాయ. ఒక్క నిమిషం తనతో తాను కూర్చోలేదు. ఆ ఆదివారం రానీ. తీసెయ్యండి అంటాను.

ఇక్కడ ఏమైనా రాసుకోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడేది నలుగురం, చదవగలిగేది నేనొక్కదాన్నే. అమ్మానాన్నలది ఒడియా బడి. సుమది ఇంగ్లీషు. అమ్మమ్మ ఇచ్ఛాపురం నుంచి వచ్చి, ఒక ఎండాకాలమంతా పలక మీద దిద్దించి నేర్పింది నాకే. అమ్మమ్మ పోయాక ఈ ఇంట్లో ఈ అక్షరాలు నావే. ఈ నోట్‌బుక్ బల్ల మీద తెరిచి పెట్టినా తాళం వేసినట్టే.

జులై 22

సుమ మాట్లాడటం లేదు. సుమ! అమ్మ నుదురు తాకి చూసింది. "జొరం నేదు. మరేటి దీనికి?"

జులై 25

వాన తెరిపిచ్చింది. ఆరీ ఆరని బట్టలు తియ్యడానికి ఇద్దరం మేడ ఎక్కాం. ఎందుకే మాట్లాడవు, అన్నాను.

"నా దగ్గర మాటలు తప్ప ఏటీ నేవు గదా. దాసుకుంటన్నాను."

చేతిలో తువ్వాలు తడి నేల మీద పడింది.

"గిలక్కాయనట."

జేబులోంచి ఫోను తీసింది. తెర మీద నా పేజీ, నా దస్తూరీ, ఫొటో. ఒకచోట నొక్కింది. ఆడ గొంతు — స్టేషన్లో బండి ఎన్నో ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పే గొంతు లాంటిది — నా వాక్యం చదివింది. ఎక్కడా తడబడకుండా. కోపం లేకుండా. అందుకే ఇంకా చెడ్డగా వినిపించింది.

"నువ్వు నాది సూసినావు. నాను నీది ఇన్నాను."

"నీకెలా..."

"ఫోను బోర్లించి ఎల్లినాను తానానికి. వొచ్చేతలికి ఎల్లకిలా ఉంది. ఇంట్లో ఎవులికి తెలుసు నంబరు?"

బట్టలన్నీ తనే తీసి భుజాన వేసుకుంది. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా —

"అందులో లిజా ఒక్కర్తే ఉందక్కా. అది ఎల్లిపోయినాక ఈ ఇంట్లో నాతో ఎవులు మాటాడతన్నారు? తీసెయ్యమని సెప్పు నాన్నకి. నువ్వు మాట తప్పినావని నాను సెప్పనులే."

జులై 26

తాళం లేదిప్పుడు. నోట్‌బుక్ బీరువాలో పెట్టాను. మళ్ళీ తీసి పరుపు కింద. అక్కడా కాదు.

జులై 30

రాయాలంటే ముందు వెనక్కి తిరిగి చూస్తున్నాను.

డిబేటు అయిందట. ఉండాలన్నవాళ్ళు గెలిచారు. సిస్టర్ మెచ్చుకున్నారు, పాయింట్లు బాగున్నాయని. రెండు కాగితాలూ వెతికి చూశాను. ఫోను తీసేస్తే ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతుందని ఎక్కడా రాయలేదు నేను.

ఆగస్టు 2

సుమ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. మొదటిసారి, ఆ రోజు తర్వాత. నోట్‌బుక్ వైపు చూడకుండా పెన్ను మూత తీస్తూ, పెడుతూ.

"అక్కా, నా అంత ఉన్నప్పుడూ రాసీదానివా?"

"హవు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఇద్దరం ఒకేసారి ఆపేశాం.

"తెలుగులోనేనా?"

"ఇంగ్లీషులో."

"మరెందుకు మార్సినావు?"

వంటింట్లోంచి అమ్మ కేక. వెళ్ళిపోయింది. పెన్ను మూత తనతోనే.

ఆగస్టు 3, ఆదివారం

నాన్న టీ గ్లాసు కింద పెట్టారు. "ఊఁ, నెలైంది. ఉంచాలా, తియ్యాలా?"

ఫోను బల్ల మీద, బోర్లించి. సుమే తెచ్చి పెట్టింది. తను కిటికీ ఊచ పట్టుకుని వీధిలోకి చూస్తోంది.

నోరు తెరిచాను. రాలేదు. ఆ రికార్డులో ఖాళీ ఉన్నంతసేపూ మాట రాలేదు.

"అందులో తప్పుడుది ఏటేనా ఉందా?"

"లేదు, నాన్నా."

"మరి?"

"సాయంత్రం చెప్తాను."

"దీనికి పంచాంగం సూడాలేటి?" నవ్వి, స్నానానికి లేచారు.

ఉంచండి అనడం ఒక్కటే అయితే పొద్దున్నే అనేసేదాన్ని. ఉంచండి, ఇక దాన్ని ఎవరూ తెరిచి చూడకూడదు — నేనూ, మీరూ — అనాలి. ఆ రెండో సగం. నాన్నతో. ముఖం చూసి. మధ్యాహ్నం నుంచి గదిలో నడుస్తూ అనుకుంటున్నాను, పైకి. మొదటి ముక్క వస్తోంది, రెండోదాని దగ్గర మళ్ళీ మొదటికే...

అయిదు దాటింది. వరండాలో కుర్చీ లాగిన చప్పుడు. సుమ తలుపు దాకా వచ్చి వెళ్ళింది.

నిన్న తను అడిగినదానికి జవాబు చెప్పలేదు. ఎనిమిదో క్లాసులో నా ఇంగ్లీషు డైరీ నాన్న తెరిచారు. ఇంటికొచ్చిన ఆఫీసువాళ్ళకి ఒక పేజీ పైకి చదివి వినిపించారు. అందరూ నవ్వారు. ఆ ఎండాకాలమే అమ్మమ్మని పలక అడిగాను.