లేని బ్రేకు

మార్చి 3, సోమవారం

కారు మళ్లీ నడిరోడ్డు మీద ఆగిపోయింది. అప్పుడు నా నోట్లోంచి ఏమొచ్చిందో రాయడానికే సిగ్గుగా ఉంది. నేనేం చేయలేదత్తయ్యా, అదే ఆగిపోయింది అన్నాను! మా ఆఫీసు హెల్ప్‌డెస్క్‌లో రోజంతా ఫోన్లో నేను వినే మాట ఇదే. విన్న ప్రతిసారీ మ్యూట్ నొక్కి మరీ తిట్టుకుంటాను.

అత్తయ్యకి మ్యూట్ లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస, క్లచ్ వదిలేసి దాన్నంటావేం అని కడిగేసింది. స్కూలు వ్యాను నడిపి రిటైరైన మనిషి. వ్యాను నిండా కోతిమూకని కూర్చోబెట్టిన గొంతు అది, నేనెంత?

కళ్ల డాక్టరు ఇక డ్రైవింగ్ వద్దన్నాడు ఆవిణ్ణి. మా ఆయనకి స్టీరింగ్ చూస్తేనే చెమటలు. నెలాఖరుకి ఇన్సూరెన్స్ అయిపోతుంది. ఈలోగా నాకు లైసెన్సు రాకపోతే కారు పక్కవీధి ప్లంబరుకి అమ్మేయడమే. అత్తయ్య తన సొంత జీతంతో కొనుక్కున్న ఒకే ఒక్క పెద్ద వస్తువు అది. ఆ సంగతి ఆవిడ అనదు. నాకు తెలుసు.

మార్చి 5

పక్క సీట్లో కూర్చున్నంతసేపూ అత్తయ్య కుడికాలు కింద మ్యాట్‌ని తొక్కుతూనే ఉంది. బస్సు కనిపిస్తే తొక్కు, కుక్క కనిపిస్తే తొక్కు. అక్కడ బ్రేకెక్కడుంది పాపం. ఆ కీబోర్డు కనెక్ట్ అయి లేదత్తయ్యా అన్నాను. నోరు మూసుకుని రోడ్డు చూడమంది.

మార్చి 8, శనివారం

కొత్త ఒప్పందం. నేను కారు నేర్చుకోవాలి, ఆవిడ కంప్యూటర్ నేర్చుకోవాలి. నేర్పేవాళ్లు అరవకూడదు.

మొదటి క్లాసులోనే ఒప్పందం గాలికి పోయింది. స్క్రీన్ మీద చక్రం తిరుగుతోంది. అత్తయ్య ఎంటర్ మీద టపటపా కొట్టడం మొదలుపెట్టింది, చలికాలంలో వ్యానుకి యాక్సిలరేటర్ కొట్టినట్టు. తాకొద్దు, ఆగండి అని నేను. ఎంతసేపాగాలి, లోపలేమైనా జరుగుతోందా లేదా అని ఆవిడ. తెలీదన్నాను. తెలియకుండా ఇన్నేళ్లుగా జీతమెలా తీసుకుంటున్నావే తల్లీ అంది.

ఆ తర్వాత ఇక ఆగలేదు. ఫ్యాను పాడయ్యే ముందు కిర్రుమంటుందిట. మిక్సీ కాలిపోయే ముందు కంపు కొడుతుందిట. కారు దగ్గుతుంది, వణుకుతుంది, మనిషికి తయారయ్యే టైమిస్తుంది. ఇదేమో నవ్వుమొహంతోనే కన్నుమూస్తుంది, పైగా ఏదో తప్పు జరిగింది అంటుంది. ఏదో ఏమిటి, అదేదో చెప్పి చావొచ్చుగా! ఏం చేయబోయినా మీరు ఖాయంగా చేస్తారా అని అడగడమొకటి. కుక్కరు విజిల్ వేసేముందు వెయ్యమంటారా అని అడుగుతుందా?

ఇన్నేళ్లుగా నేను ఫోన్లో తిట్టుకున్నవాళ్లందరూ ఈవిణ్ణే లాయరుగా పెట్టుకున్నట్టుంది.

మార్చి 14

టెస్టు ఫెయిల్.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగింది. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తాకొద్దు, కాసేపాగితే అదే వస్తుంది అని రోజూ ఫోన్లో చెప్పి చెప్పి ఒంటికి పట్టేసింది. వెనక హారన్లు. ఏం చేస్తున్నారమ్మా అని పక్కన కూర్చున్న ఆఫీసరు అడిగాడు. ప్రాసెస్ అవుతోంది సర్, లైన్లోనే ఉండండి అన్నాను.

నిజంగానే అన్నాను.

అత్తయ్య విని నవ్వీ నవ్వీ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత కారు తాళం తీసుకెళ్లి గోడ మేకుకి తగిలించేసింది.

మార్చి 15

ప్లంబరు వచ్చి టైర్లు తన్ని చూసుకుని వెళ్లాడు. అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు.

మార్చి 20, సాయంత్రం

ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్య మొహం వెలిగిపోతోంది. నా రెండో టెస్టుకి స్లాటు తనే బుక్ చేసిందట, ఒక్కతే, ఎవరి సాయం లేకుండా. చూస్తే రేపు పొద్దున్నే! వచ్చేవారమనుకుందిట. చక్రం తిరుగుతుంటే టపటపా కొట్టింది, ఖాయమేనా అని అడిగితే చదవకుండానే ఖాయమే అంది. కుక్కరు అడిగుంటే ఇంత కొంప మునిగేది కాదత్తయ్యా అన్నాను.

రద్దు చేద్దామని కూర్చున్నాను. చక్రం తిరుగుతూనే ఉంది. ఆవిడ నా చేతిలోంచి మౌస్ తీసుకుని పక్కన పెట్టింది. కంప్యూటరు ఆగమంటే ఆగాలి, కారు ఆగితే మాత్రం ఆగకూడదు, రెండూ కలిపేసుకుంటున్నావు నువ్వు, అంది. ఈసారి అరవలేదు.

మార్చి 21

ఎత్తు రోడ్డు మీద ఇంజిన్ మళ్లీ ఆగింది. చేతులు ఒళ్లోకి జారబోయాయి. జారనివ్వలేదు. క్లచ్, తాళం, గేరు, వెనక హారన్లు, పోనిచ్చాను. ప్రాసెస్ అయిందా అని అడిగాడు ఆఫీసరు. అదే ఆఫీసరు! అయింది సర్ అన్నాను.

పాసయ్యాను. పాసయ్యాను. పాసయ్యాను.

ఇంటికొచ్చి తాళం గోడ మేకుకి తగిలిస్తే, అత్తయ్య దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. నాకే ఏడుపొచ్చింది. మా ఆయన ప్లంబరుకి ఫోన్ చేసి సారీ చెప్పాడు.

మార్చి 30, ఆదివారం

అత్తయ్యని ఊరంతా తిప్పాను. కుడికాలు మ్యాట్‌ని తొక్కుతూనే ఉంది. తొక్కిన ప్రతిసారీ నేనిటు బ్రేకు వేశాను.

కారుకి ఇంకా తన మాటే బాగా వినపడుతోందని అత్తయ్య సంబరపడింది.