పదో పేరు ఇనాదా సాకిచి

ఒగురా ప్రాథమిక పాఠశాల,
సెప్టెంబరు 12

పట్టణ విద్యా కార్యాలయం, ట్యాబ్లెట్ విభాగంలోని మినోబె గారికి,

కురహాషి సుమియె నమస్కరించి రాసేది. ఇక్కడ వరి తల వంచింది. పిచ్చుకలు మాత్రం తల ఎగరేస్తున్నాయి. మీరు క్షేమమని తలుస్తాను.

కాగితం మీద రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ట్యాబ్లెట్‌లో రాయబోతే నా వాక్యాన్ని నాకంటే ముందు అదే పూర్తి చేస్తోంది. ఎదుటివాళ్ళ మాటకి అడ్డు రావద్దని ముప్పై నాలుగేళ్ళుగా పిల్లలకి చెప్తున్నదాన్ని, దీన్నెలా భరించమంటారు?

మీరు పంపిన యాప్‌లన్నీ ఎక్కించాను. గంట కొట్టే యాప్ బంగారం. లెక్కలు దిద్దేది కూడా మంచిదే, బాగా చేసినవాడికి ఎర్రసిరాతో పువ్వు గీయడం దానికి రాదు, అంతే. ప్రవర్తన యాప్ కుదురుగా కూర్చుంటే పాయింటు ఇస్తుంది, లేచినా మాట్లాడినా కోసేస్తుంది. చిక్కంతా జతలు కట్టే యాప్‌తోనే. నా నాలుగో తరగతిలో తొమ్మిది మంది. అది ఇద్దరిద్దర్ని జత చేసి, చివరి పేరు పక్కన ‘జత లేదు’ అని ఇంతింత అక్షరాల్లో చూపిస్తుంది. ఆ చివరి పేరు రోజూ చినామిదే. జులైలో సెందాయ్ నగరం నుంచి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి బళ్ళో ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున్నే ఆ పిల్ల మొహం ముందు ఆ రెండు మాటలూ వెలుగుతుంటే చూడలేకపోయాను. అందుకని పదో పేరు ఎక్కించాను: ఇనాదా సాకిచి. యాప్ నోరు మూసుకుంది.

ఇట్లు,
కురహాషి సుమియె

తా.క.: సాకిచి ఎవరో చెప్పడం మరిచాను. పిచ్చుకల్ని బెదరగొట్టడానికి మా పిల్లలు కట్టిన గడ్డిబొమ్మ. చినామి పక్కన కూర్చోబెట్టాం. రాయడం ఒక్కటే రాదు, మిగతా అన్నిట్లో మా తరగతి అల్లరివాడు కోహెయ్ కంటే నయం.


విద్యా కార్యాలయం,
అక్టోబరు 3

గౌరవనీయులైన ఉపాధ్యాయిని కురహాషి సెన్సేయ్‌గారికి,

మినోబె తకుయా నమస్కారాలు. కాగితం మీద వచ్చినదానికి కాగితం మీదే జవాబివ్వాలని మా నియమం. నా చేతిరాత మన్నించండి, వాడి చాలా రోజులైంది.

మా విభాగంలో ఎవరం ఉత్తరాలు చదివి సమయం వృథా చేసుకోం. సారాంశం యాప్ ఉంది. ఉత్తరాన్ని ఫోటో తీస్తే మూడు ముక్కల్లో చెప్పేస్తుంది. సంతకం కింద రాసినదంతా అనవసరమని దానికి నేర్పాం. మీ ఉత్తరం గురించి ఇలా చెప్పింది: ‘యాప్‌లు బాగున్నాయి. చినామికి జత లేదు. కొత్త విద్యార్థి ఇనాదా చేరాడు.’ ఎంత సంతోషం! ఈ ఊళ్ళో పిల్లలు తగ్గిపోతున్నారని అందరూ ఏడుస్తుంటే మీకు ఒకడు దొరికాడు!

అంతకంటే గొప్ప వార్త చెప్పాలి. ప్రవర్తన పాయింట్లలో పట్టణం మొత్తం మీద ఆరు వందల నలభై మంది పిల్లల్లో ఇనాదా సాకిచి మొదటివాడు. మూడు వారాల్లో ఒక్కసారి లేవలేదు, మాట్లాడలేదు, దిక్కులు చూడలేదు! మా డైరెక్టరుగారు నమ్మలేక లెక్క రెండుసార్లు చేయించారు. ప్రశంసాపత్రం అచ్చుకి వెళ్ళింది.

విధేయుడు,
మినోబె తకుయా

తా.క.: అబ్బాయిని ఏం పెట్టి పెంచారో తల్లిదండ్రుల్ని అడిగి చెప్పగలరా? డైరెక్టరుగారికి ఇద్దరు మగపిల్లలు.


ఒగురా పాఠశాల,
అక్టోబరు 8

మినోబె గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సాకిచికి ప్రశంసాపత్రమా! ప్రభుత్వ కార్యాలయాల్లో ఇంత చమత్కారం ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు సుమండీ. పిల్లలకి చదివి వినిపిస్తే పడీపడీ నవ్వారు. చినామి కూడా పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికేనని నా నమ్మకం.

అడిగారు కాబట్టి మావాడి సంగతులు చెప్తాను. ఒంటి మీద కోహెయ్ తాతగారి పాత అంగీ ఒక్కటే. చేతులు రెండూ వెదురుకర్రకి కట్టేశాం, లేకపోతే నిలవడు. మధ్యాహ్నం అందరికీ అన్నం వడ్డిస్తాం, వాడికి మాత్రం పెట్టం, ఎందుకు దండగ! బడి వదలగానే నలుగురు మోసుకెళ్ళి పొలంలో నిలబెడతారు, పొద్దున మళ్ళీ తెస్తారు. వానైనా అంతే. మొన్న కాకి పొడిచి ఒక కన్ను ఊడిపోయింది. మా తరగతి హరునో వాళ్ళమ్మమ్మ చొక్కా గుండీ తెచ్చి కుట్టేసింది. కిక్కురుమనలేదు.

హాస్యం అటుంచి, ఒక్క మాట. పొద్దున్నే చినామి వాడి చెవిలో ఏదో గుసగుసలాడుతోంది. మాతో కాకపోయినా వాడితో మాట్లాడుతోంది. నాకది చాలు.

ఇట్లు,
కురహాషి సుమియె

తా.క.: తల వదులైంది. ప్రశంసాపత్రం ఇచ్చేరోజుకి కొత్త గడ్డి కుక్కుతాం.


విద్యా కార్యాలయం,
అక్టోబరు 10
అత్యవసరం

కురహాషి సెన్సేయ్‌కి,

మీ ఉత్తరం సారాంశం ఇలా వచ్చింది: ‘ఇనాదా చేతులు కట్టేసి ఉంటాయి. అన్నం పెట్టరు. కన్ను పోతే గుండీ కుట్టారు.’ యాప్ పాడైందనుకుని మూడుసార్లు ఫోటో తీశాను. మూడుసార్లూ అదే! నాలుగోసారి ‘వానలో నిలబెడతారు’ అని కూడా కలిపింది!

ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉన్న మీరా! పైగా ‘హాస్యం’ అన్నారట! మా డైరెక్టరుగారు యాప్‌లో చూసి కుర్చీలో కూలబడ్డారు. రేపు ఉదయం బాలల రక్షణ అధికారిణినీ పోలీసునీ వెంటబెట్టుకుని వస్తున్నాను. అబ్బాయిని మాకు అప్పగించాలి. ఆ పేరు అక్కడికక్కడే మీ జాబితాలోంచి తీసేస్తాం.

మినోబె

తా.క.: ఆ గుండీ ఏ డాక్టరు కుట్టాడు? పేరు కావాలి.


ఒగురా పాఠశాల,
అక్టోబరు 11, సాయంత్రం

మినోబె గారికి,

ఇప్పటికైనా కుదుటపడ్డారా? మంచినీళ్ళు తాగి ఇది చదవండి. దయచేసి మీరే చదవండి.

మీ ఉత్తరమూ మీరూ ఒకే పూట వచ్చారు. ఉత్తరం చించేలోగా మీరు తలుపు తోసేశారు. నా సర్వీసులో ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, భూకంపం వచ్చింది, ఒకసారి ఎలుగుబంటి కూడా వచ్చింది. ఇలా మాత్రం ఎవరూ రాలేదు. ‘బాబూ, భయపడకు!’ అంటూ ఉరికి సాకిచిని వాటేసుకున్నారు. తల ఊడి మీ చేతిలోకొచ్చింది. మీరు వేసిన కేకకి పోలీసాయన కూడా కేక వేశాడు. బాలల రక్షణావిడ ముందు ఏడ్చి, తర్వాత నవ్వి, చివరికి రెండూ కలిపి చేసింది.

అయినా మీరు తేరుకున్నారు. సిగ్గుతో మొహం కందగడ్డయినా సరే, ‘మనిషి కానిది జాబితాలో ఉండకూడదు’ అని ట్యాబ్లెట్ తీశారు. అప్పుడు లేచింది చినామి.

‘చెప్పులతో లోపలికి వచ్చేశారేంటి? కళ్ళు లేవా? ఈ నేల మేం తుడిచాం! వాడు నా జత. వాడి పేరు ముట్టుకుంటే ఊరుకోను! ఆ తల ఇలా ఇవ్వండి!’

మినోబె గారూ, మూడు నెలలుగా ఆ గొంతు కోసం ఎదురుచూశాను. ఇంత పెద్ద గొంతని అనుకోలేదు. మీరు ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తుంటే నేను బోర్డు వైపు తిరిగి ఏడ్చాను. మీరు చూసే ఉంటారు.

మీరు వెళ్ళాక కోహెయ్ ‘ఇంకోసారి అరవవే, ఇంకోసారి’ అని దాన్ని బతిమాలాడు. అరిచింది. మధ్యాహ్నానికి హరునోతో పోట్లాట కూడా అయింది. ఇప్పుడు బళ్ళో అందరికంటే దాని నోరే పెద్దది. ప్రవర్తన పాయింట్లు పాతాళంలో ఉన్నాయి, చూసుకోండి. బడి వదిలేముందు అదే వచ్చి చెప్పింది, సాకిచి ఇక పొలంలోనే ఉంటాడని. పేరు తీసెయ్యండి.

ఇట్లు,
కురహాషి సుమియె

తా.క.: మీరు తుడిచిన మూల శుభ్రం కాలేదట. చినామి మళ్ళీ తుడిచింది, మిమ్మల్ని తిడుతూ.


విద్యా కార్యాలయం,
అక్టోబరు 16

పూజ్యులైన కురహాషి సెన్సేయ్‌గారికి,

తలవంచి క్షమాపణలు. మీ ఉత్తరాలన్నీ కాగితం మీద, సంతకం కింద ఉన్నవాటితో సహా, మొదటిసారి నేనే చదివాను. సిగ్గుతో చచ్చిపోయాను. పేరు తీసేశాను. ప్రశంసాపత్రం చించేశాను. డైరెక్టరుగారు ‘ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు?’ అని రోజూ యాప్‌లో అడుగుతున్నారు. ‘బాగున్నాడు’ అంటున్నాను. అబద్ధం కాదు కదా.

ఒకటి అడగాలి, నవ్వకండి. మా విభాగంలో ఆరుగురం. ఒకే గదిలో కూర్చుంటాం, ఏం కావాలన్నా యాప్‌లోనే పంపుకుంటాం. రెండేళ్ళుగా మధ్యాహ్నం నా బల్ల దగ్గరే ఒక్కణ్ణీ తింటున్నాను. ఆ రోజు చినామి తిట్టింది చూశారూ, ఈ ఏడాది ఆఫీసు వేళల్లో ఒక మనిషి నా మొహం చూసి అన్న మొదటి మాటలవే. బస్సులో వెనక్కి వస్తూ అవే తలుచుకున్నాను.

నా ఎదుటి బల్ల ఖాళీగా ఉంది. కోతలయ్యాక సాకిచిని మాకు బదిలీ చేయగలరా?

విధేయుడు,
మినోబె తకుయా

తా.క.: తల నేనే కుట్టుకుంటాను. సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుంటున్నాను.


ఒగురా పాఠశాల, నాలుగో తరగతి,
అక్టోబరు 20

మినోబె గారికి,

నేను చినామిని. సెన్సేయ్ మీ ఉత్తరం మాకు చదివారు. చదువుతూ మధ్యలో రెండుసార్లు ఆగిపోయారు.

సాకిచిని ఇవ్వం. చేతులెత్తి ఓటేశాం, తొమ్మిదికి తొమ్మిది. వాడితో అన్నం తింటే ఏం బాగుంటుంది? వాడు తినడు, మీ కూర బాగుందనడు, లాక్కోడు కూడా. నాకు తెలుసు.

వాడి పేరు మీరు తీసేశాక మేం మళ్ళీ తొమ్మిది మందిమే. నా పేరు నేనే జాబితాలో పైకి జరుపుకున్నాను, అందుకని ఇవాళ కోహెయ్ పక్కన ‘జత లేదు’ అని వచ్చింది. వాడు ఒకటే గొడవ. అందుకని పదో పేరు ఎక్కించేశాం: మినోబె తకుయా. శుక్రవారాలు మాత్రమే. పన్నెండుంపావుకి వడ్డన. ఈసారి సూప్ గరిటె పట్టే వంతు మీది.

ఇట్లు,
చినామి

తా.క.: ఈ వారం హాజరు వేసేది నేను. రాకపోతే గైర్హాజరు పడుతుంది.