స్నానాల గది గడియ

సరోజా,

ఈ ఉదయం పదకొండింటికి డాక్టరు మన పాప ఫిట్స్ మందు తగ్గిద్దామన్నారు. నువ్వు పోయాక ఈ రెండేళ్లలో ఒక్కసారీ ఫిట్స్ రాలేదు. అయితే, మన పాపలా బుద్ధి ఎదగని పిల్లల్లో మందు తగ్గిస్తే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని, ఆ నెలల్లో ఒంటరిగా వదలొద్దని కూడా చెప్పారు.

పాప మొదటి మాటే విన్నది. ఆసుపత్రి నుంచి అరసవల్లి ఇంటికి తిరిగొస్తూ ఆటోలోనే అడిగింది.

"నాకు తగ్గిపోనాది కదా నాన్నా, బాత్రూముకి గడియ ఎట్టించు."

లోపల పడిపోతే తలుపు తీయలేమని ఆ గడియ పీకించింది నువ్వే. స్నానమయ్యేదాకా తను మాట్లాడుతూనే ఉండాలన్నావు. మాట ఆగితే తలుపు తోయడానికి ఇప్పుడు బయట నేను నిలబడుతున్నాను. తనకు పదిహేనేళ్లొచ్చాయి.

"నువ్వు బయట నిలబడకు. నానేటి, రేడియోనా? మాటాడతానే ఉండాలా?"

డ్రైవరు నవ్వాడు. వడ్రంగి కొట్టు దగ్గర తనే ఆటో ఆపించింది. నేను దిగి వడ్రంగికి మెల్లగా చెప్పాను.

"చిన్న మేకులతో బిగించు. గట్టిగా తోస్తే ఊడిపోవాలి."

వెనకే వచ్చిన పాప వినేసింది.

"ఊడిపోనిది ఎట్టు మావా."

అతను నా మొహం చూశాడు. నేను పాప మొహం చూశాను.

సోమవారం పొద్దున్న వచ్చి బిగిస్తానన్నాడు. మందు తగ్గించడం మొదలయ్యేదీ ఆ రోజే.